మీడియం కొలత

"చూశావా అమ్మా, పెళ్ళినాటి ప్యాంటు! ఇప్పటికీ ఎలా పట్టిందో!"

భర్త అద్దం ముందు పక్కకి తిరిగి, పొట్ట మీద చేత్తో తట్టుకుంటూ మురిసిపోయాడు. ఆమె ఇస్త్రీ బల్ల దగ్గర వంగి నేల మీద పడ్డ దారపు ముక్కలు ఏరుతోంది. ఆ ప్యాంటు నడుము పట్టీ వెనక కుట్టు విప్పి, లోపల మడిచి ఉన్న బట్టని కాస్త బయటికి వదిలి, మళ్ళీ కుట్టి, పాత కుట్టు గుర్తు కనబడకుండా తడిగుడ్డ వేసి ఇస్త్రీ చేసింది ఆమే. ఏటా చేస్తుంది. పెళ్ళయిన కొత్తలో ఒకసారి "ఇది బిగుతైనట్టుంది, వదులు చెయ్యనా?" అని అడిగింది. దానికి అతను రెండు రోజులు ముభావంగా తిరిగాడు. అప్పటినుంచి అడగడం మానేసి చెయ్యడం మొదలుపెట్టింది. అతనికి మాత్రం తన ఒళ్ళు మాట వినే ఒళ్ళని గట్టి నమ్మకం.

"మా వైపు పోలిక నీది" అంది అత్తగారు కాఫీ గ్లాసు పట్టుకుని గుమ్మంలో నిలబడి. "మీ నాన్న కూడా అంతే. పోయేదాకా ఒకటే కొలత."

మామగారి ప్యాంట్ల కుట్లు ఎవరు విప్పేవారో అత్తగారు చెప్పలేదు. గ్లాసు పెదవులకి ఆనించుకుని ఒక్క క్షణం కోడలి చేతిలోని దారపు ముక్కల వంక చూసి, చూపు తిప్పుకుంది.

"నువ్వే అమ్మాయ్, ఈ మధ్య కాస్త ఒళ్ళు చేశావు. రాత్రిపూట తిండి తగ్గించు."

"ఆఫీసులో ఎవరి పుట్టినరోజుకైనా ఈవిడే రెండు కేకు ముక్కలు తింటుందమ్మా" అన్నాడు భర్త నవ్వుతూ. "ఆటలాడేవాళ్ళ బట్టలు కుడతారు గాని, వాళ్ళలో ఒక్కళ్ళకీ చెమట పట్టదు."

ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే అలవాటుగా ఊపిరి లోపలికి పీల్చి పొట్ట బిగపట్టింది. లంగా నడుము దగ్గర హుక్కుకి బదులు పిన్నీసు ఉంది. పైన భర్తదే పాత వదులు చొక్కా వేసుకుంది. మూడో నెల దాటింది. ఇంట్లో ఇద్దరు పెద్దమనుషులు రోజూ పొద్దున్నా సాయంత్రం ఆమెని చూస్తున్నారు, ఆమె చేతి వంట తింటున్నారు, ఆమె ఉతికిన బట్టలు కట్టుకుంటున్నారు. వాళ్ళకి లావు కనబడింది గాని ఇంకేమీ కనబడలేదు. అందుకు ఆమెకి కోపం రాలేదు. పైగా, దొంగతనంగా దొరికిన సెలవు రోజులా అనిపించింది. పుట్టి బుద్ధెరిగాక తన సంగతులన్నీ తనకంటే ముందు పక్కవాళ్ళకి తెలిసేవి. ఎక్కడ చదవాలో, ఎవరిని చేసుకోవాలో, ఏ పూట ఏం వండాలో. ఈ ఒక్క సంగతి మాత్రం కొన్నాళ్ళు తనది. క్లినిక్‌కి ఒక్కతే వెళ్ళొచ్చింది. ఇంట్లో బొత్తాల దుకాణానికి వెళ్ళానంది.

దాచడానికి అది సగం కారణం. మిగతా సగం ఆఫీసులో ఉంది.

ఆమె పని చేసే సంస్థ ఖరీదైన ఆటల బట్టలు కుడుతుంది. పరుగెత్తేవాళ్ళకీ, టెన్నిస్ ఆడేవాళ్ళకీ, అంతకంటే ఎక్కువగా ఇవేవీ చెయ్యకపోయినా చేసేవాళ్ళలా కనబడాలనుకునేవాళ్ళకీ. ఆమె అక్కడ డిజైనరు. కానీ అందరూ పిలిచే పేరు "మీడియం". దాని వెనక ఒక ఆచారం ఉంది. యజమానికి టేపు మీదా, దుకాణాల్లో నిలబెట్టే బొమ్మల మీదా నమ్మకం లేదు. "బొమ్మ చెయ్యెత్తదు, బొమ్మ వంగదు. మన బట్ట మనిషి మీద తయారవ్వాలి" అంటాడు. ఆమె ఉద్యోగంలో చేరిన మొదటివారంలో ఏదో జాకెట్ వేసి చూస్తే, కొలిచి కుట్టినట్టు సరిపోయింది. "ఇదిగో మన మీడియం!" అని ఆయన చప్పట్లు కొట్టాడు. ఆనాటినుంచి ఆ సంస్థలో మధ్య సైజంటే ఆమె ఒళ్ళే. ప్రతి కొత్త బట్టనీ ఆమెకి తొడిగి, గుండుసూదులు పెట్టి, ఎక్కడ బిగుతో ఎక్కడ వదులో చూసి, దాని ప్రకారం కాగితపు అచ్చు దిద్దుతారు. ఆ అచ్చునుంచే చిన్న సైజులూ పెద్ద సైజులూ పుడతాయి. గంటలకొద్దీ చేతులు చాపి నిలబడే ఈ పని ఆమె ఉద్యోగపు కాగితాల్లో ఎక్కడా రాసి లేదు. నిలబడ్డాక మళ్ళీ బల్ల దగ్గరికెళ్ళి తన బొమ్మలు తను గీసుకోవాలి. "నీకేం, తిన్నగా నిలబడటమేగా" అంటారు అందరూ.

అచ్చు దిద్దే మనిషిని కత్తెరక్క అంటారు. ముగ్గురు పిల్లల తల్లి. ఎప్పుడూ నోట్లో నాలుగు గుండుసూదులు కరచుకుని ఉంటుంది కాబట్టి సగం మాటలు కళ్ళతోనే చెబుతుంది. ఆమె చేతులు చల్లగా ఉంటాయి. తాకే ముందు రెండు చేతులూ రుద్దుకుని వెచ్చబరుచుకుని గాని తాకదు.

చలి మొదలయ్యే రోజుల్లో యజమాని అందరినీ కూర్చోబెట్టి కొత్త ఆలోచన చెప్పాడు. రాత్రిపూట నగరం ఎలా ఉంటుందో అలాంటి ఆటల బట్టలు కావాలి. దీపాలు, మెరుపులు, డాన్స్ చేసేచోటి చీకటి. జిమ్‌లో వేసుకున్నదే వేసుకుని నేరుగా పబ్‌కి వెళ్ళిపోవాలి. "అమ్మాయిలు సంచీలో రెండో జత మోసుకెళ్ళే రోజులు పోవాలి" అన్నాడు. ఆలోచన బాగుందని ఆమెకి అనిపించింది. డిజైన్ బాధ్యత ఆమెకే ఇచ్చాడు. ఇన్నేళ్ళలో మొదటిసారి ఒక కలెక్షన్ పూర్తిగా ఆమెది.

పరిశోధన పేరు మీద మార్కెటింగ్ చూసే అతను ఇద్దరు మగవాళ్ళని వెంటేసుకుని వారం రోజులు పబ్బుల చుట్టూ తిరిగాడు. ప్రతిదానికీ "లైటింగ్ కింద చూడాలి సార్" అంటాడని అతని పేరు లైటింగ్. ఆమెని పిలవలేదు. "మీకు ఇంట్లో ఇబ్బంది కదా మీడియం గారూ" అన్నాడు మర్యాదగా, ఆమె తరఫున తనే ఆలోచించేసి. ఇంట్లో మాట ఎత్తకుండానే ఇంట్లోవాళ్ళ జవాబు ఆమెకి తెలుసు. "నేనెప్పుడైనా వద్దన్నానా?" అంటాడు భర్త. అని, ఆ తర్వాత వెళ్ళకుండా ఉండటానికి ఎన్ని కారణాలున్నాయో నెమ్మదిగా చెబుతాడు.

లైటింగ్ ఫోన్ నిండా ఫోటోలు తెచ్చాడు. రంగురంగుల దీపాలు, గాజు గ్లాసులు, వెనకనుంచి తీసిన అమ్మాయిల వీపులు. ఆమె వాటిని చూసింది, మర్యాదకి రెండోసారి కూడా చూసింది. వాటిలో ఆమెకి పనికొచ్చేది ఏదీ కనబడలేదు.

ఆమె పరిశోధన రైల్వేస్టేషన్లో జరిగింది. సాయంత్రం ఇంటికెళ్ళే దారిలో ఆమె బండి మారాలి. మధ్యలో దొరికే కాస్త సమయంలో అక్కడి ఆడవాళ్ళ గదిలోకి వెళ్ళేది. వారాంతం దగ్గరపడేకొద్దీ ఆ గది కిటకిటలాడేది. ఆఫీసులనుంచీ, జిమ్‌లనుంచీ వచ్చిన అమ్మాయిలు ఒకరి భుజం మీద ఒకరు చెయ్యేసుకుని చెప్పులు మార్చుకునేవారు. చెమట తుడుచుకునేవారు. ముఖం తెలియని మనిషిని "అక్కా, ఈ జిప్ కాస్త పైకి లాగవా" అని అడిగేవారు. ఆమె ఎన్ని జిప్పులు లాగిందో. మూలన చేతులు కడుక్కుంటున్నట్టు నిలబడి అన్నీ చూసేది. చిన్నప్పుడు బడిలో చివరి బెంచీ మీద కూర్చుని అలాగే చూసేది. పంతుళ్ళు ఈ పిల్లకి నోరు లేదనేవారు, కళ్ళున్నాయని ఎవరూ అనుకోలేదు.

ఆమె కనిపెట్టింది ఇది. అద్దం ముందుకి వచ్చిన ప్రతి అమ్మాయీ ఊపిరి బిగపట్టి పొట్ట లోపలికి లాక్కుంటుంది. సన్నంగా ఉన్నవాళ్ళూ, బొద్దుగా ఉన్నవాళ్ళూ, ఇరవై ఏళ్ళవాళ్ళూ, నలభై ఏళ్ళవాళ్ళూ. అద్దం దాటి తలుపు దాకా వెళ్ళేలోపు వదిలేస్తుంది. తలుపు తీసి బయటికి అడుగుపెట్టేటప్పుడు మళ్ళీ లాక్కుంటుంది. ఆ రెంటి మధ్యా, అద్దానికీ తలుపుకీ మధ్య ఉన్న ఆ కాస్త దూరంలో, వాళ్ళ ముఖాలు ఎంత అందంగా ఉండేవో! ఎవరికోసమూ కాని ముఖాలు. ఆ నాలుగడుగుల కోసం బట్టలు గీయాలనుకుంది ఆమె.

గీసింది. నల్లటి జాకెట్, చెమట పీల్చే బట్ట. నిలబడితే మామూలు నలుపు. చెయ్యి పైకెత్తితే చంక కింద మడతల్లో దాక్కున్న వెండి పొర తళుక్కుమంటుంది. పరుగెత్తే ప్యాంటుకి పక్కన సన్నటి చీలిక, అడుగు వేసినప్పుడల్లా లోపలి మెరుపు కళ్ళు తెరిచి మూస్తుంది. కదిలితేనే వెలుగు. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయికి మొదటి జాకెట్ వేసి చూస్తే, అద్దం ముందు నాలుగు గంతులేసి, "నేను విప్పను, కావాలంటే నన్నే దుకాణంలో నిలబెట్టుకోండి" అని మొండికేసింది. లైటింగ్ మాత్రం పెదవి విరిచాడు. "ఫోటోలో మెరుపు పడట్లేదండీ."

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆమెకి నెల తప్పింది.

చెబితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఆమెకి ముందు అదే బల్ల దగ్గర ఇంకో డిజైనరు ఉండేది. కడుపుతో ఉన్నానని చెప్పిన రోజు యజమాని కేకు తెప్పించాడు, అందరూ చప్పట్లు కొట్టారు. ఆ తర్వాతి సోమవారానికి ఆవిడ బల్ల పిల్లల బట్టల గదికి మారిపోయింది. "మీ అనుభవం అక్కడ బాగా పనికొస్తుంది" అన్నాడాయన, నిజంగా మేలు చేస్తున్నాననే నమ్మకంతో. ఆవిడ ఏడాదిపాటు బాతులూ ఎలుగుబంట్లూ గీసి, ఒకరోజు రావడం మానేసింది. ఇక ఇంట్లో అత్తగారు ఎప్పటినుంచో అంటున్న మాటే: "ఒక బిడ్డ పుడితే ఈ తళుకుల గోల నీకే విసుగొస్తుంది చూడు. అప్పుడు ఇంట్లో కూర్చుని తోచినప్పుడు కుట్టుకో." ఆ మాటలో పగ లేదు. పడుకునే మనిషికి దుప్పటి కప్పినట్టు అంటుందావిడ. అందుకే దానికి ఎదురు చెప్పడం ఇంకా కష్టం.

కాబట్టి చెప్పలేదు. వారం వారం ట్రయల్‌కి నిలబడింది.

"అక్కా, ఇక్కడ కొంచెం పట్టేస్తోంది."

కత్తెరక్క రెండు చేతులూ రుద్దుకుని, నడుము దగ్గర పిన్ను తీసి కొంచెం అవతల పెట్టేది. "నీకు పట్టేస్తే మీడియం వాళ్ళందరికీ పట్టేసినట్టే" అని, కాగితం మీద గీత జరిపేది. పై వారం మళ్ళీ కొంచెం. ఆ పై వారం ఇంకొంచెం. ఆ ఒక్క ట్రయల్ గదిలోనే ఆమె ఊపిరి బిగపట్టేది కాదు. బిగపడితే బట్ట తప్పుగా వస్తుందన్న వృత్తి ధర్మం ఒకటి ఆమెకి ఒంటబట్టిపోయింది. ఇంట్లో బిగపట్టి, రైల్లో బిగపట్టి, యజమాని ముందు బిగపట్టి, ఆ చల్లటి గదిలో చేతులు చాపి నిలబడి హమ్మయ్య అని వదిలేసేది. అచ్చు తనతోపాటు పెరుగుతోందని ఆమెకి తట్టలేదంటే నమ్మడం కష్టమే. తట్టింది. వచ్చే వారం సరిచేద్దాం అనుకుంది. ఆ వచ్చే వారం నడుము ఇంకాస్త పెరిగింది.

సంగతి బయటపడింది కొత్త దుకాణం వల్ల. గాజు గోడల దుకాణం తెరవబోతున్నారు. యజమాని నమ్మినా నమ్మకపోయినా గాజు వెనక నిలబెట్టడానికి బొమ్మలు కావాలి కదా. బొమ్మలు వచ్చాయి. మీడియం సైజు బట్టలు వాటికి తొడిగారు. భర్త ప్యాంటు చూసుకుని మురిసిన ఆ పొద్దునే, ఆమె ఆఫీసులో అడుగుపెట్టేసరికి అందరూ కటింగ్ గదిలో బొమ్మల చుట్టూ మూగి ఉన్నారు.

"ఏంటిది?" యజమాని బొమ్మ నడుముకీ ప్యాంటుకీ మధ్య చెయ్యి దూర్చాడు. చెయ్యి మణికట్టు దాకా పోయింది. "ఏంటిది అంటున్నాను."

"బొమ్మ విందుకి వెళ్ళబోతోంది సార్, పొట్టకి ముందే జాగా ఉంచుకుంది" అన్నాడు లైటింగ్. ఎవరో కిసుక్కుమన్నారు.

"అచ్చు ఎవరు మార్చారు?"

"నేనే సార్" అంది కత్తెరక్క. నోట్లో సూదులు లేకపోవడంతో ఆమె గొంతు వేరే ఎవరిదోలా ఉంది.

"ఎవరు మార్చమన్నారు?"

"ట్రయల్‌లో ఎలా పడితే అలా దిద్దాను."

"ట్రయల్ ఎవరి మీద? మీడియం మీదేగా? మరి మీడియం ఎక్కడికి పోయింది?" ఆయన చెయ్యి చాచి ఆమెని చూపించాడు. "ఇదిగో, కళ్ళెదురుగా ఉంది. ఎప్పట్లాగే ఉంది."

గదిలో ఉన్నవాళ్ళంతా ఒక్కసారి ఆమె వైపు తిరిగారు. ఆమె పొట్ట తనంతట తనే లోపలికి పోయింది. వదులు చొక్కా లోపల, పిన్నీసు వెనక, ఊపిరి గొంతులో అడ్డుకుంది. అందరూ చూశారు. నిజమే, ఎప్పట్లాగే ఉంది.

యజమాని అరిచే మనిషి కాదు, కోపం ఎక్కువైతే నవ్వుతాడు. నవ్వాడు. "అక్కా, కళ్ళజోడు మార్చుకోమని చెబుతూనే ఉన్నాను. ఇంక నువ్వు ఇంట్లో విశ్రాంతి తీసుకునే టైమొచ్చింది. అచ్చులు మెషీన్‌కి ఇచ్చేద్దాం, ఈ బొమ్మ నడుముకి కోసేస్తుంది. భోజనాలయ్యాక కూర్చుని ఖాయం చేసుకుందాం."

ఇన్నాళ్ళూ బొమ్మలు పనికిరావన్న మనిషి ఆయనే. ఆ మాట ఎవరూ గుర్తుచెయ్యలేదు.

భోజనాల వేళ కత్తెరక్క వెనక మెట్ల మీద కూర్చుని డబ్బా విప్పకుండా ఒళ్ళో పెట్టుకుంది. ఆమె తన డబ్బా పట్టుకుని వెళ్ళి పక్కన కూర్చుంది.

"ఎన్నో నెల?" అడిగింది కత్తెరక్క, ఎదురుగోడ వంక చూస్తూ.

"నీకు ముందే తెలుసా అక్కా?"

"ముగ్గుర్ని కన్నాను. కళ్ళు మందగించాయంటున్నాడు గాని, నా చేతులు మందగించలేదుగా. నువ్వు చెప్పలేదు, నేను అడగలేదు."

"తెలిసి కూడా ఎందుకు దిద్దావు మరి?"

"బిగుతుగా ఉందన్నావు కదే! వారమంతా ఎక్కడా ఊపిరాడనట్టు వచ్చి నిలబడతావు. ఇక్కడ కూడా బిగించమంటావా? చివర్లో పాత కొలతకి లాగేద్దాంలే అనుకున్నాను. ఈ బొమ్మలు ఇంత తొందరగా ఊడిపడతాయని నాకేం తెలుసు." డబ్బా మూత మీద వేలితో గీతలు గీసింది. "ఇదిగో తల్లీ, చెబుతున్నాను విను. నోరు మూసుకుని కూర్చో. నాది ఎలాగూ ఇంటికి పొమ్మనే వయసే. నీది అలా కాదు. ఇప్పుడు నోరు విప్పావంటే నీ బల్ల ఎక్కడికి పోతుందో నీకు నేను చెప్పాలా?"

"బాతుల దగ్గరికి."

"ఆ. బాతుల దగ్గరికి." కత్తెరక్క నవ్వబోయి ఆగిపోయింది. "కలెక్షన్ బయటికి రానీ. పేరొచ్చాక నిన్నెవడూ కదపలేడు."

"నువ్వు ఇంటికెళ్ళి ఏం చేస్తావక్కా?"

"ఏముంది, ఇంట్లో వాళ్ళ గుడ్డలే ఉన్నాయిగా కుట్టడానికి" అంది.

ఈలోగా ఫోన్ మోగింది. అత్తగారు. "అమ్మాయ్, పాలు విరిగిపోయాయి, వచ్చేటప్పుడు ఒక ప్యాకెట్ పట్టుకురా." ఓ క్షణం ఆగి, "పొద్దున తిండి తగ్గించమన్నానని పస్తుండకు. డబ్బాలో పెట్టుకెళ్ళింది తిన్నావా?"

"తింటున్నాను అత్తయ్యా."

ఫోన్ పెట్టేసి ఆమె తన డబ్బా మూత తీసింది. ప్రేమ లేదని ఎవరిమీద నేరం మోపుతుంది? అత్తగారికి ప్రేమ ఉంది. భర్తకి ఉంది. యజమాని కేకు తెప్పించినప్పుడు ఆయన కళ్ళలో కూడా నిజమైన సంతోషమే ఉంది. అందరూ మంచివాళ్ళే, అందరూ ఆమె మేలు కోరేవాళ్ళే. ఎవరి మేలు వాళ్ళు ఒక కొలత ప్రకారం కత్తిరించి పెట్టుకున్నారు, అందులో ఆమె సరిపోవాలి. సరిపోవడంలో తనంత నేర్పు ఇంకెవరికీ లేదని అందరూ మెచ్చుకుంటారు కూడా. ఆ నేర్పంతా ఏమిటి? ఊపిరి బిగపట్టడం. ఇప్పుడు ఇంకొంచెంసేపు బిగపడితే చాలు, కలెక్షన్ ఆమెది. వెండి మడతల జాకెట్ గాజు వెనక నిలబడుతుంది. కాని అది బొమ్మ నడుముకి కోసిన జాకెట్, స్టేషన్ గదిలో అమ్మాయిలు అద్దం దాటాక కూడా పొట్ట వదలలేని జాకెట్. ఇంకోపక్క, తాకే ముందు చేతులు వెచ్చబరుచుకునే మనిషి ఇంటికెళ్ళి గుడ్డలు కుట్టుకుంటుంది. ఆ తర్వాత అయిదో నెల, ఆరో నెల. అప్పుడు ఎవరో ఒకరు ఆమెకంటే ముందు ఆమె సంగతి చెబుతారు. పక్క బల్ల దగ్గరో, మెట్ల మీదో. మళ్ళీ ఆమె సంగతి ఆమెకంటే ముందు పక్కవాళ్ళదైపోతుంది. దాచుకున్నంతకాలం అది తనది అనుకుంది. నిజానికి చెప్పే హక్కు తన చేతిలో ఉన్నంతవరకే అది తనది. సాయంత్రం భర్త తప్పకుండా, "ముందు నాకు చెప్పాల్సింది కదా" అంటాడు. అది న్యాయమే. ఈ సాయంత్రమే చెబుతుంది. అయితే 'ఏం చెయ్యమంటారు' అని అడగడానికి మాత్రం కాదు.

డబ్బా ఖాళీ చేసింది. ఆకలి వేస్తోందని అప్పుడు తెలిసింది.

"అక్కా, ఆ ప్యాంటూ జాకెట్టూ ఒక జత ఇటివ్వు."

"ఎందుకే?"

"ట్రయల్‌కి."

కత్తెరక్క ఆమె ముఖంలోకి చూసింది. లేచి, బొమ్మ ఒంటినుంచి బట్టలు విప్పి తెచ్చింది. తెరవెనక తనే తొడిగింది. జిప్ పైకి లాగేముందు రెండు చేతులూ రుద్దుకుంది. "నీకు పిచ్చిగాని పట్టిందా" అని గొణిగింది, గొణుగుతూనే కాలరు సరిచేసింది.

ఆమె వెళ్ళేసరికి యజమాని, లైటింగ్, కటింగ్ గదివాళ్ళు నలుగురు బల్ల చుట్టూ కూర్చుని ఉన్నారు. మధ్యలో బొమ్మ, ఒంటి మీద బట్ట లేకుండా, ప్లాస్టిక్ మెరుపుతో నిలబడి ఉంది. జీవితంలో మొదటిసారి ఆమె ఆ గదిలోకి ఎవరూ పిలవకుండా, వదులు చొక్కా లేకుండా, తను గీసిన బట్టల్లో వచ్చింది.

"ఒక్క నిమిషం సార్" అంది. చేతులు రెండూ పైకెత్తింది. మడతల్లోంచి వెండి తళుక్కుమంది. పక్కకి తిరిగింది, వంగింది, లేచింది. ఎక్కడా ముడత లేదు, ఎక్కడా పట్టెయ్యలేదు. చేత్తో దిద్దినట్టు పట్టింది.

"బాగానే ఉందే!" అన్నాడు యజమాని అయోమయంగా. కుర్చీలోంచి సగం లేచాడు. "మరి బొమ్మ మీద ఎందుకలా..."

అప్పుడామె ఊపిరి వదిలింది. ఇంట్లో, రైల్లో, ఈ బల్లల మధ్య ఇన్ని వారాలుగా బిగపట్టిందంతా నెమ్మదిగా వదిలేసింది. నల్లటి బట్ట కింద ఆమె పొట్ట తన రూపంలోకి తను వచ్చింది, చిన్నగా, గుండ్రంగా, ఇంక ఏ సందేహానికీ చోటు లేకుండా. బట్ట దానికి చోటిచ్చింది. లైటింగ్ ఆమె నడుము వంక చూసి, చటుక్కున బల్ల మీది కాగితాల్లోకి తల దించుకున్నాడు. వెనక గుమ్మంలో కత్తెరక్క ముక్కు ఎగబీల్చిన చప్పుడైంది.

యజమాని ముఖం విప్పారింది. ఆ విప్పారడం ఆమెకి తెలుసు. కేకు గుర్తొచ్చేటప్పటి ముఖం అది. ఆయన నోరు తెరిచేలోపు ఆమె కుర్చీ లాక్కుని ఆయనకి ఎదురుగా కూర్చుంది.

"అక్క కళ్ళు బాగానే ఉన్నాయి సార్. ఆవిడ దిద్దింది నా కొలతే. సరిగ్గానే దిద్దింది. చెప్పకపోవడం నా తప్పు. మీడియం అచ్చు పాతది ఉంది, అక్క దాని మీద మళ్ళీ మొదలుపెడుతుంది, ఎవరైనా ఊపిరి పీల్చే మనిషి మీద, బొమ్మ మీద కాదు. నా నడుము వచ్చే నెలకి ఇంకా పెరుగుతుంది. కాబట్టి మీరు కొత్త మీడియంని వెతుక్కోవాలి. డిజైనర్ని మాత్రం వెతక్కండి, ఇక్కడే ఉంది."